స్త్రీల రచనలలో క్రొత్తదారులు – వానిని వెదకిన విద్వాంసురాండ్రు

క్రీడాభిరామ మను వీథినాటకము మన ప్రాచీనసాహిత్యమున నొక విచిత్రమైన గ్రంథము. అందు గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను నిరువురు మిత్రులు ఓరుగంటి వీథులలో తిరుగుచు, కంటబడిన వేడుకల నెల్ల వర్ణింతురు. ఆ వేడుకలలో పల్నాటి వీరుల గానము ఒకటి. తాళము త్వరితగతిని మ్రోగుచుండును. ద్విపద ప్రబంధము యతితో గూడి సాగుచుండును. అక్షర మక్షరమునకును వినుచున్న యువకులు ఆవేశముతో నూగిపోవుదురు. పాడుచున్నది యొక స్త్రీ. కవి ఆమె పేరు చెప్పలేదు. ఆమె ఏ యూరిదో, ఆ ద్విపదను ఎవరికడ నేర్చెనో చెప్పలేదు. ఎవరో యొకతె యనుటతో సరిపెట్టెను.

ఈ గ్రంథము అచ్చుపడిన నాటినుండి పండితులు దీని కర్త యెవరని వాదించుచునే యున్నారు. వినుకొండ వల్లభరాయుడని కొందరు. కాదు, శ్రీనాథుడే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు మరికొందరు. వినుకొండ నేటి పల్నాడు జిల్లాలోనిదే గనుక ఈ వాదము మనకు మరింత ముచ్చట గొలుపును. గ్రంథకర్త నిర్ణయము అవసరమైన పనియే. దానిని తక్కువచేయ నక్కరలేదు. కాని, ఆ పాటకత్తెనుగూర్చి యడుగవలసిన ప్రశ్నలు అడుగబడకయే పోయినవి. ఆమె తాను విన్నదానిని విన్నట్లే పాడెనా, తనకు తోచినట్లు మార్చుకొనెనా? ఆమె పాటను కవిత్వ మనవలెనా, కూడదా? చాలకాలము వరకు ఇవి సాహిత్యవిచారమునకు దగిన ప్రశ్నలుగనే యెవరికిని తోచలేదు. అవి విద్వత్ప్రశ్నలైన తీరు, ఆ పనికి జీవితములను వినియోగించిన వారి కృషి, ఇంకను మిగిలియున్న కార్యము – ఈ మూటిని ఇచ్చట విచారింతము.

ముందుగా ప్రయోగ మను మాటను స్పష్టము చేసికొనవలెను. సాహిత్యమున ప్రయోగ మనగా, ఉన్న రూపము తాను చెప్పదలచినదానికి చాలకపోగా, దానిని విరిచియో, సాగదీసియో, మరియొకదానితో కలిపియో క్రొత్తరూపమును గల్పించుకొనుట. ఆంగ్లదేశమున డోరతీ రిచర్డ్‌సన్ అను నామె 1915 నుండి ప్రకటించుచు వచ్చిన నవలలలో కథ కంటె, ఒక స్త్రీ మనస్సున క్షణక్షణము ప్రవహించు తలపులే ముఖ్యము. 1918లో మే సింక్లెయిర్ అను మరియొక రచయిత్రి వానిని విమర్శించుచు, మనము నేడు చైతన్యస్రవంతి యను పేరును వానికి వాడెను. 1928లో వర్జీనియా వుల్ఫ్ కేంబ్రిడ్జియందలి రెండు స్త్రీకళాశాలలలో ఉపన్యసించి, మరుసటి యేట ఆ యుపన్యాసములను పెంచి గ్రంథముగ ప్రకటించెను. పురుషులు తమ యవసరములకు మలచుకొనిన వాక్యము స్త్రీకి సరిపడదనియు, ఆమె దానిని తనకు తగినట్లు మార్చుకొనవలెననియు ఆమె చెప్పినది. ఆ మాట కళాశాలలలో పాఠ్యవిషయ మగుటకు మరి యరువదియేండ్లు పట్టెను. 1989లో అమెరికాయందు ఎలెన్ ఫ్రీడ్‌మన్, మిరియమ్ ఫ్యూక్స్ అను నిరువురు విద్వాంసురాండ్రు స్త్రీల ప్రయోగాత్మక నవలలనుగూర్చిన వ్యాసములను ఒక సంపుటముగ కూర్చిరి. నేడు అచ్చటి విశ్వవిద్యాలయములలో ఈ విషయమును బోధించుటకే జీవితము నర్పించినవా రున్నారు.

ఇది పాశ్చాత్యుల వేడుక, మన కేల యని కొందరు అనవచ్చును. మన సాహిత్యచరిత్రను నిదానముగ చదివినచో అట్లనజాలము.

తాళ్లపాక తిమ్మక్క అన్నమాచార్యుని భార్య. ఆమె రచించిన సుభద్రాకల్యాణము మంజరీద్విపద. ద్విపదకు పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదట యతి. రెండు పాదములకును ప్రాస. ఇందు ప్రాసను విడిచినచో మంజరి యగును. మన బడులలో దీనిని ఒక లక్షణముగ వల్లెవేయించి విడిచెదము. కాని ఆ ప్రాస విడుపు చేయు పని యేమో చూడుడు. ప్రాస రెండేసి పాదములను ముడివేయును. ముడి వీడినచో కథ ఒక పాదమునుండి మరియొక పాదమునకు తడబడక జారిపోవును. పెండ్లిపందిట నలుగురు కూర్చుండి పాడుకొనుటకు, పాడుచు పనిచేసికొనుటకు అనువగును. తిమ్మక్కకు ప్రాస కుదరక విడిచెనని యనుకొనుట అవివేకము. ఆమె పాడువారిని ఎరుగును, పాడు చోటును ఎరుగును. దానికి దగిన ఛందస్సును ఎన్నుకొనెను.

పదునేడవ శతాబ్దమున తంజావూరున విజయరాఘవనాయకుని యాస్థానమునందలి రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును యక్షగానముగ రచించెను. యక్షగానము పండితుని పద్యమునకును, వీథిలోని పాటకును, రంగస్థలమందలి మాటకును చోటిచ్చు మిశ్రరూపము. ఆ శతాబ్దమునకు తరువాత, వైధవ్యమును పొంది లోకనిందను సహించి తిరుమల చేరిన తరిగొండ వెంగమాంబ కూడ ద్విపదను, యక్షగానమును చేపట్టెను. స్త్రీలు మరల మరల ఈ రూపములవైపే మొగ్గుట యాదృచ్ఛికము కాదు. చంపూప్రబంధమునకు రాజసభ కావలెను. ద్విపదకు, పాటకు, యక్షగానమునకు వినువారు చాలును.

ఇక గ్రంథస్థము గాని స్త్రీల రామాయణపు పాటలు. వాల్మీకి ముగించినచోట, లేక మౌనము వహించినచోట ఇవి మొదలగును. కౌసల్య వేవిళ్లు, ఊర్మిళ పదునాలుగేండ్ల నిద్ర, లక్ష్మణుని నవ్వు, మారువేషమున వచ్చి సీతచే రావణుని బొమ్మ వ్రాయించిన శూర్పణఖ కపటము – ఇవి వాని వస్తువులు. యుద్ధకాండ వీనియందు వెనుకకు పోవును. పురిటిగది ముందునకు వచ్చును. మహాకావ్యపు వరుసను మార్చి, ఇంటిలోనుండి చూచినచో అదే కథ యెట్లుండునో ఈ పాటలు చూపును. వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఆంగ్లమున ప్రకటించిన యొక వ్యాసమున ఈ పాటలను పరిశీలించి, రాముని యధికారమును ఇవి ఎదిరించి కాక యెట్లు పక్కనుండి ప్రశ్నించునో విశదీకరించిరి. మన తల్లులు మంగళసూత్రమును కన్నుల కద్దుకొనుచునే పాడిన పాటలివి.

ఇన్ని ప్రయోగము లుండగా మన విమర్శకుల కన్నులకు అవి యేల యానలేదు? రెండు కొలతబద్దలు అడ్డుపడినవి. మొదటిది సభ కొలత. పాండిత్యము, శ్లేష, సమాసగౌరవము ఉన్నదే కవిత్వ మని అది చెప్పును. ఆ కొలతకు ద్విపద తక్కువది, పాట మరింత తక్కువది. రెండవది మనవంటి సంస్కరణాభిమానుల కొలత. దానినే మనము నిర్మొగమాటముగ విచారింపవలెను. అది శీలపు కొలత. స్త్రీ వ్రాసినది చదువునప్పుడు మొదట మన మడుగునది ‘ఇది మన బాలికలకు మంచిదా?’ అని; ‘ఇది యెట్లు వ్రాయబడినది?’ అని కాదు.

ఈ కొలత వలన జరిగిన హానికి ముద్దుపళని ప్రసిద్ధమైన దృష్టాంతము. తంజావూరున ప్రతాపసింహుని కాలమున, పదునెనిమిదవ శతాబ్దమున, ఆమె రాధికాసాంత్వనమును రచించెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆమె కవితాశక్తిని కాదనకయే, ఆమె వేశ్య యనియు, అందలి శృంగారము స్త్రీలు వినదగనిదనియు నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సమగ్రప్రతిని ప్రకటించుచు పీఠికలో దానికి ప్రత్యుత్తర మిచ్చెను: పురుషులు వ్రాసిన యట్టి శృంగారమును పండితులు పరిష్కరించి ప్రకటించుచుండ, సిగ్గు స్త్రీలకు మాత్రమేనా యని. ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు ప్రధానిగా నున్నప్పుడు గాని ఆ నిషేధము తొలగలేదు. వీరేశలింగముగారు స్త్రీలకై పడిన పాట్లను మరచువాడు కృతఘ్నుడు. అట్టి మహనీయునే శీలపు కొలత ఇంత దూరము నడపినదనుటయే మనము గమనింపవలసినది.

ఆ వీరేశలింగముగారే 1901లో భండారు అచ్చమాంబ గ్రంథమును చింతామణి ముద్రాలయమున అచ్చువేసి ప్రోత్సహించిరి. అచ్చమాంబ 1874లో కృష్ణకు ఆవలియొడ్డున, పెనుగంచిప్రోలున జన్మించెను. పదియవయేట వివాహము. బడి లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండ ఆయనతోపాటు తానును తెలుగు, హిందీ నేర్చుకొనెను. ఆమె అబలాసచ్చరిత్రరత్నమాల స్త్రీల చరిత్రను స్త్రీ వ్రాసిన తెలుగు గ్రంథములలో తొలిది. స్త్రీలు బుద్ధిహీనలను మాటకు ప్రత్యుత్తరముగ, దేశచరిత్రనుండి ఉదాహరణములను వరుసగ పేర్చిన వాదము అది. పేరులోనే సచ్చరిత్ర యను మాట యున్నది. స్త్రీకి చదువు చెప్పించుటయే యపరాధమని భావించు కాలమున, ముందు ఆమె సచ్ఛీలను నిరూపింపక తప్పినది కాదు. ఆ యవసరమును మనము తప్పుపట్టరాదు. కాని 1902 నవంబరు హిందూసుందరిలో ఆమె ప్రకటించిన ధనత్రయోదశి యను కథ చాలకాలము మరుగున పడిపోయెను. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910 నాటిది. తెలుగున తొలికథ యేది యను చర్చలో అచ్చమాంబ పేరు నిలుచుటకు ఇటీవలి పరిశోధకులు మరల ఆ పాతపత్రికలను వెదకవలసివచ్చెను. ఆమె 1905లో ముప్పది యేండ్లకే మరణించెను. ఆమెను సంస్కర్త్రిగ స్మరించిన మనము, ఒక క్రొత్త సాహిత్యరూపమున తొలియడుగు వేసినదానినిగ స్మరింపలేదు.

గుంటూరు మండలమున దారి తరువాత విశాలమైనది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీలకు చదువు చెప్పించిరి. 1928లో డాక్టరు కేసరిగారు మదరాసున గృహలక్ష్మి పత్రికను ప్రారంభించిరి. అందు బాపట్ల వాస్తవ్యురాలు కనుపర్తి వరలక్ష్మమ్మ శారదలేఖలను వ్రాసెను. శారద యను స్త్రీ తన నెచ్చెలి కల్పలతకు వ్రాయు జాబులు అవి. జాబు స్త్రీల కనుమతింపబడిన రచన. ఇంటివిషయములు వ్రాసికొనుటకు ఎవరును అడ్డుచెప్పరు. వరలక్ష్మమ్మ ఆ జాబునందే సంఘవిషయములను, శాసనములను, దేశోద్యమమును ఇమిడ్చెను. ఉపన్యాసవేదిక నెక్కుటకు సందేహించు గృహిణి, చెలికి జాబు వ్రాయు నెపమున లోకమునకు ఉపన్యసించినది. ఇది రూపమును ఎరిగి చేసిన ప్రయోగము. దీనిని మనము స్త్రీనీతిగ్రంథ మని యొక మూల నుంచితిమి.

పేర్లే మరుగునపడుచుండగా రూపమునుగూర్చి మాటలాడుట యెట్లు? ముందు పేర్లను గూర్చుకొనవలెను. ఆ పనిని ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ చేసెను. ఆమె ఆంధ్రకవయిత్రులు 1953లో వెలువడినది. తాళపత్రములు, పాతముద్రణములు, పెద్దల నోటిమాటలు వెదకి, కవయిత్రుల జీవితములను, రచనలను ఒక్కచోట నిలిపినది. ఈ గ్రంథము లేనిచో తరువాతి పరిశోధకులు ప్రతివారును మొదటినుండి మొదలిడవలసి యుండెడిది. అచ్చమాంబ స్త్రీల శీలమును నిరూపించెను. లక్ష్మీకాంతమ్మ స్త్రీల కవిత్వపు ఉనికిని నిరూపించెను. రూపవిచారము మూడవ మెట్టు.

ఆ మూడవ మెట్టున నిలిచినవారిలో నాయని కృష్ణకుమారిగారు ముఖ్యురాలు. ఆమె 1930 మార్చి 14న గుంటూరున జన్మించెను. పాఠశాలవిద్య కొంత నరసరావుపేటలో, కొంత శ్రీకాకుళములో జరిగినది. తండ్రి నాయని సుబ్బారావుగారు సౌభద్రుని ప్రణయయాత్రను రచించిన భావకవి. గుంటూరున పట్టభద్రురాలై, విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో తెలుగు ఎం.ఏ. ముగించి, మదరాసునందలి ఎతిరాజ్ కళాశాలలో కొంతకాలము బోధించి, పిమ్మట హైదరాబాదు చేరి ఉస్మానియా విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలయ్యెను. విద్యార్థినిగా నుండగనే ఆంధ్రుల కథ యను చరిత్రగ్రంథమును వ్రాసెను. పిమ్మట కవిత్వము, కథలు, కాశ్మీరదీపకళిక యను యాత్రారచన ఆమె లేఖినినుండి వెలువడినవి. తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలై, 2016 జనవరి 30న మరణించెను.

ఆమె పరిశోధన కెన్నుకొనిన విషయమును గమనింపుడు: తెలుగు జానపద గేయగాథలు. భావకవి యింట పుట్టిన బిడ్డ. భావకవిత్వమున స్త్రీ ప్రేయసి. ఆమెనుగూర్చి పాడుదురు గాని ఆమె పాడదు. అట్టి యింటినుండి వచ్చిన కృష్ణకుమారిగారు, స్త్రీలును శ్రామికులును స్వయముగ పాడిన గాథలవైపు తిరిగిరి. నాడు పండితలోకమున జానపదము వినోదమునకు సేకరింపదగినదిగా నుండెను. ఆమె దానిని లక్షణముగల సాహిత్యముగ చూచెను. కథను పాటగ నిర్మించుట యొక శిల్పము: ఒకేమాట మరలమరల వచ్చుట, పల్లవి కథను నిలిపి వినువానికి ఊపిరి నిచ్చుట, ప్రశ్నోత్తరములచే కథ నడచుట, గాయకుడు సందర్భమునుబట్టి పెంచుట, తగ్గించుట. ఈ దృష్టితో చూచినపుడు ఓరుగంటి వీథిలో పాడిన ఆ యజ్ఞాతస్త్రీ కేవలము వేడుకవస్తువుగా నుండదు. ఆమె తన శిల్పము నెరిగిన కళాకారిణి యగును. కృష్ణకుమారిగారి సిద్ధాంతగ్రంథము 1977లో అచ్చుపడినది. ఆమె తరగతిలో చదివిన విద్యార్థినులలో పలువురు తాము చిన్ననాట విన్న పాటలు కూడ పరీక్షకు దగిన విద్య యని మొదటిసారి గ్రహించియుందురు. ఒక యధ్యాపకురాలు ఒక తరమునకు ఇంతకంటె ఏమి యీయగలదు?

ఆ తరువాతి నలువది యేండ్లలో పని త్వరితమైనది. భావకవిత్వమున స్త్రీని చిత్రించిన తీరును జయప్రభ పరిశోధించెను. తానే క్రొత్తకవిత్వమును వ్రాసెను. 1986లో స్త్రీశక్తి సంఘటన మనకు తెలియని మన చరిత్రను ప్రకటించెను. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలు తమ జీవితములను తమ నోట చెప్పగా, ఆ మాటలను మాటలుగనే అచ్చువేసిరి. చరిత్రగ్రంథమునకు ఉండవలసిన రూపమును అది మార్చివైచినది. ఇందు పరిశోధనయే ప్రయోగమైనది. హైదరాబాదున అన్వేషి సంస్థ చేరువలో పనిచేసిన సూసీ తారు, కె. లలిత గార్లు భారతదేశమందలి పలుభాషల స్త్రీల రచనలను ఆంగ్లమున రెండు సంపుటములుగ 1991, 1993లలో వెలువరించిరి. ముద్దుపళని ఆ మార్గమున ప్రపంచమునకు తెలిసినది. 1993లోనే ఓల్గా సంపాదకత్వమున నీలిమేఘాలు వచ్చెను. వంటిల్లు, పైట, ప్రసవము కవితావస్తువులైనవి. ఓల్గా 1973 నుండి 1986 వరకు తెనాలి కళాశాలలో అధ్యాపకురాలు. ఆమె విముక్త కథలలో సీత అహల్యను, శూర్పణఖను, రేణుకను, ఊర్మిళను కలిసికొని మాటలాడును. 2015లో దానికి కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. పండితులు దీనిని ఆధునికసాహస మన్నారు. నిజమే. కాని ఊర్మిళను, శూర్పణఖను ముందునకు తెచ్చిన మన యమ్మమ్మల పాటలు ఆ సాహసమునకు పూర్వగాములు. కాకతీయ విశ్వవిద్యాలయమున బోధించిన కాత్యాయనీ విద్మహే స్త్రీల సాహిత్యమును చరిత్రక్రమమున, సిద్ధాంతదృష్టితో పరిశీలించిన సాహిత్యాకాశంలో సగం 2013లో అదే బహుమానము నందుకొన్నది. ఆ శీర్షికయే యొక న్యాయవాదము.

ఈ వికాసమున ఒక లోపము మిగిలెను. స్త్రీల సాహిత్య మను పేరున చాలకాలము అగ్రజాతి స్త్రీల రచనలే యెక్కువగ ఎన్నబడినవి. 2003లో గోగు శ్యామల సంపాదకత్వమున వెలువడిన నల్లపొద్దు 1921 నుండి దళితస్త్రీలు వ్రాసినదానిని ఒక్కచోట చేర్చెను. పల్నాటివారము ఈ మాటను తేలికగ తీసికొనరాదు. మన వీరగాథను తరతరములుగ కాపాడినది వీరవిద్యావంతులు. మాల కన్నమదాసు వీరుడై నిలిచిన కథ యది. ఆ కథను శ్రీనాథుని పేరనున్న ద్విపదగ అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. 1982లో జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు నోటిగాథను ఆంగ్లీకరించి ఆక్స్‌ఫర్డున ప్రకటించునపుడు, పాడిన ఆలిసెట్టి గాలెయ్య పేరును గ్రంథమున నిలిపెను. పాడినవాని పేరు వ్రాయుట చిన్నపనిగ కనబడును. కాని పాట ఊరిసొత్తు మాత్రమే గాక ఒకని విద్య కూడ నని అది యంగీకరించుట.

ఇక మన బడులలో ఏమి జరుగుచున్నది? పల్నాటి కథను చెప్పునపుడు మాంచాలను సతి యనియు, నాయకురాలు నాగమ్మను కపటి యనియు చెప్పి ముగింతుము. ఒకతె యుద్ధమునకు భర్తను పంపినది, మరియొకతె గురజాల రాజ్యమున మంత్రియై రాజకీయము నడపినది. శీలపు కొలత ఇచ్చటను పనిచేయుచునే యున్నది. పురుషమంత్రి యెత్తు వేసినచో నీతిజ్ఞుడు, స్త్రీ వేసినచో కుటిల. ఏ గాయకుడు నాగమ్మకు ఎట్టి మాటలు పెట్టెను, ఏ పాఠమున ఆమె గౌరవము హెచ్చును, ఎచ్చట తగ్గును అని పిల్లలచే పోల్చిచూపించినచో, వారు నీతిని మాత్రమే గాక కథనశిల్పమును కూడ నేర్తురు. కళాశాలలలోను ఫలానా నవలలో స్త్రీపాత్రలు అను శీర్షికతో సిద్ధాంతవ్యాసములు తరచు వచ్చుచున్నవి. పాత్రలు మంచివా, చెడ్డవా యని తేల్చుటతో అవి ముగియును. డాక్టరు పి. శ్రీదేవి 1957–58లో తెలుగు స్వతంత్రలో ప్రకటించిన కాలాతీతవ్యక్తులు నవలను ఇట్లు చదివినచో, ఇందిర మంచిదా, కాదా యను వాదమే మిగులును. రచయిత్రి తీర్పు చెప్పక యేల యూరకుండెను, ఆ మౌనమును ఎట్లు సాధించెను అను ప్రశ్న అడుగబడదు.

ఒక యాక్షేపణమున కుత్తరము చెప్పవలెను. స్త్రీ వ్రాసినదెల్ల గొప్పదే యనవలెనా యని. అనవలసిన పనిలేదు. రూపమును బట్టి విచారించుట యనగా లోపమును చెప్పు హక్కు కూడ నని యర్థము. శారదలేఖలలో కొన్ని జాబులు ఉపన్యాసభారమున క్రుంగినవి. నేటి స్త్రీవాదకవిత్వమున నినాదమై మిగిలినదియు కలదు. దానిని చెప్పవచ్చును. దయతో మార్కులు వేయుట గౌరవము కాదు. తిక్కన పద్యమును పరీక్షించినంత నిష్ఠతో తిమ్మక్క మంజరిని పరీక్షించుటయే గౌరవము.

కర్తవ్యములు మూడు తోచుచున్నవి. మొదటిది, ఛందస్సు చెప్పు ఉపాధ్యాయులు ద్విపదకు రంగనాథరామాయణమును, మంజరికి సుభద్రాకల్యాణమును ఎదురెదురుగ నుంచి, ప్రాస యుండుటకును లేకుండుటకును గల భేదమును పిల్లలచే పాడించి చెవికి తెలియజేయవలెను. రెండవది, మాచెర్ల, గురజాల, నరసరావుపేట కళాశాలలలోని తెలుగు విద్యార్థులు తమ పరిశోధనకు రూపవిషయములను ఎన్నుకొనవలెను: నాట్లపాట, విసుఱురాతి పాట, శోకపుపాట, జాబు, దినచర్య. మూడవది గృహములలో జరుగవలసినది. పాటలు వచ్చిన పెద్దవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. ఇంటింట చేతిఫోను లున్నవి. మాటను పట్టి నిలుపుట కష్టము కాదు. వారు పాడిన దానిని పాడినట్లే వ్రాయుడు. యాసను దిద్దకుడు, అశ్లీల మనిపించినదానిని కొట్టివేయకుడు, ఒకే పాటను ఇరువురు రెండు విధముల పాడినచో రెండింటిని ఉంచుడు. పాట క్రింద పాడినయామె పేరు, ఊరు, తేదీ తప్పక వ్రాయుడు. ఆమె యనుమతి నడుగుడు. ఎవరికడ నేర్చెనో కూడ అడుగుడు. ఆ చివరి ప్రశ్నకు వచ్చు నుత్తరమున మరి యిద్దరు ముగ్గురు స్త్రీల పేర్లు వినవచ్చును. వానిని కూడ వ్రాసికొనుడు.